చెవిలో అత్తరు దూది

నిన్న మనవరాలు ఆత్మకూరు నుంచి తెచ్చిన చలికాలపు అత్తరు నా మణికట్టుకు రాసింది. లవంగం, జాజికాయ, వాటి అడుగున వెచ్చటి చెక్క వాసన. ధాత కరువు దాటి బతికిన నా ఈడు వాళ్ళారా, అనుమసముద్రంపేట దర్గా ముందు కూర్చునే అత్తరు సాయిబు మీకు గుర్తున్నాడా? దూదిని అత్తరులో ముంచి, "ఇందులో ఉండే చెక్క ఏందో చెప్పండి చూద్దాం" అని వచ్చిన వాళ్ళందరినీ సవాలు చేసేవాడు.

మా నాయన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. వాసన చూసి ఏ చెక్కో చెప్పేస్తాడని పేరు. నన్ను వెంటబెట్టుకుని దర్గాకు పోయిన ఒక చలి పొద్దున మాత్రం, సాయిబు ఇచ్చిన దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని, తొందరపడి "గంధం" అనేశాడు. సాయిబు తల అడ్డంగా ఊపాడు.

"ఏందయ్యా, కరువు నీ ముక్కును గూడా తినేసిందా?" అన్నారెవరో. జనమంతా నవ్వారు. నాయన తల దించుకున్నాడు. ఎనిమిదేళ్ళ దాన్ని, నాకు ఒళ్ళు మండింది.

చెక్కను అరచేత్తో రుద్ది, వేడెక్కాకే వాసన చూడాలని నాకు నేర్పింది ఆయనే. నాయన చేతిలోని దూదిని తీసుకుని, మణికట్టుకు రాసుకుని గట్టిగా రుద్దాను. లవంగం ఘాటు తగ్గింది. మా వాకిట్లోని రంపపు పొట్టు వాసన పైకి వచ్చింది.

"దేవదారు! మా కొండ మీద ఉండాది!" అని అరిచాను.

"శభాష్ బిడ్డా! ఎవురు నేర్పినారు?" అన్నాడు సాయిబు.

"మా నాయన," అన్నాను, నవ్విన ఒక్కో ముఖాన్నీ చూస్తూ.

సాయిబు ఆ దూదిని నా కుడి చెవిలో పెట్టాడు. తిరుగుదారి పొడుగునా నాయన నా కుడిపక్కనే నడిచాడు.