హాజరు పలకని పెదనాన్న

యాభైల్లో మాట. చోడవరం మునసబు కోర్టులో మా ఉమ్మడి చెరుకు పొలం మీద మేం వేసిన దావా నడుస్తోంది. మా నాన్న పోయాక వ్యవహారమంతా పెదనాన్నదే. ఆయన ఎవరో పండితుడి ఉపన్యాసం విని, అరబ్బీ మాటలు నోటితో పలకనని కొత్తగా ఒట్టు పెట్టుకున్నారు.

వాయిదా రోజున మా వకీలు అనకాపల్లిలో చిక్కుబడిపోయి, పేరు పిలవగానే హాజరు పలికితే చాలని కబురంపారు.

బంట్రోతు గుమ్మంలోంచి కేకేశాడు. వరండాలోనే ఉన్న పెదనాన్న పలకలేదు.

"పిలుస్తన్నాడు, హాజర్ అను పెదనాన్నా!" అన్నాను.

"అది అరబ్బీ మాటరా. సచ్చినా అనను."

"పోనీ ఉన్నానని సెప్పు!"

"కోర్టులో అలాగంటే ఏటి మర్యాద? మంచి మాట ఆలోసిస్తన్నాను, ఉండు."

నేనే పలకబోతే నా నోరు మూసేశారు. మూడో కేక కూడా అయిపోయింది. ఎవరూ రాలేదని దావా కొట్టేశారు.

అప్పుడు పరుగెత్తారు మహానుభావుడు! "బాబూ, నా దావా! నా హక్కు! మా వకీలు రాలేదు బాబూ!" అంటూ ఒక్క గుక్కలో అరబ్బీ అంతా కక్కేశారు. కోర్టంతా నవ్వింది. మా ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే పొలం పోయినట్టే.

ఇంటికొచ్చాక ఆయనకు మళ్లీ పౌరుషం పుట్టింది. తిరిగి విచారించమని అర్జీ పెడదామంటే, అర్జీ కూడా అరబ్బీయేనంటూ గడువు దాటించేశారు.

పోయేదాకా "అసలు తప్పు బంట్రోతుది" అంటూనే ఉన్నారు. ఆ "అసలు" కూడా అరబ్బులదేనని నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ నేరం కూడా బంట్రోతు మీదికే పోయేది.