‘గివ్ అప్’ పాఠం చెప్పిన రోజు

బీఈడీ చేసి ఆరేళ్లు ఇంట్లోనే ఉన్నాను. "ఈపాలి కూడా ఉజ్జోగం రాకపోతే ఇంక ఆ ఊసెత్తకు" అని మా అత్త తేల్చి చెప్పేసింది.

చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు చెప్పమన్నారు. తొమ్మిదో తరగతి, అంశం ‘గివ్ అప్’. రావికమతం నుంచి ఆటోలో వస్తూ గైడు తిరగేశాను. ఆ ఒక్క మాటకే మూడు అర్థాలు: మానేయడం, ఓటమి ఒప్పుకోవడం, మన సీటు ఇంకొకరికి ఇవ్వడం. నాకు తల తిరిగిపోయింది. మా మామ చుట్ట మానేస్తే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఓడిపోతే ఎవరు సంబరపడతారు? ముసలామెకు సీటిచ్చి లేవడం ఈ రెండింటిలో ఎటు చేరుతుంది? ఆ ఇంగ్లీషువాళ్లకు మాటలకేమైనా కరువొచ్చిందా అని ఒళ్లు మండింది. అయినా బట్టీ పట్టేశాను.

క్లాసులో వెనక బెంచీ మీద ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు. మూడు అర్థాలూ బోర్డు మీద రాసి, చుట్ట గురించి, బస్సులో సీటు గురించి చెప్పాను. బాగానే నడుస్తోందనుకునేసరికి మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మా నాన్న ఈ ఏడు సెరకు ఎయ్యడం మానేసేడు మేడమ్. అది సుట్ట మానేసినట్టా, ఓడిపోయినట్టా?"

బోర్డు వైపు చూశాను. నేను రాసిన అక్షరాలే నాకు అర్థం కాలేదు. "మీ నాన్ననే అడగాలమ్మా" అన్నాను.

"అడిగేను. ఏటీ మాటాడ్డం లేదు. తిండి కూడా సరిగ్గా తినడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతన్నాను."

తెలీదని చెప్పాలా? దగ్గరికి వెళ్లి తల నిమరాలా? ప్రిన్సిపాల్ గారు పెన్ను పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఉద్యోగం చేతిలోంచి జారిపోతోందనిపించింది. మా వైపు టీచర్లకు ఇలాంటప్పుడు ఒక దారి ఉంది. నాకు చదువు చెప్పినవాళ్లంతా ఆ దారినే గట్టెక్కారు. గొంతు పెంచి క్లాసు మొత్తాన్ని అడిగేశాను.

"అందరికీ అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అన్నారు. అలా అనడం వాళ్లకు ఒకటో తరగతి నుంచీ అలవాటు. ఆ అమ్మాయి కూడా అందరితోపాటు అనేసి కూర్చుంది. నేను ఖాళీలు పూరించే ప్రశ్నల్లోకి వెళ్లిపోయాను.

"క్లాసు కంట్రోల్ బాగుందండి. సోమవారం నుంచి వచ్చేయండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలీలేదు. ఆటోలోంచే మా అత్తకు ఫోన్ చేసి చెప్పాను. చెబుతుంటే ఏడుపెందుకు వచ్చిందో ఆమెకూ తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు.

ఇప్పటికీ ఆ స్కూల్లోనే చేస్తున్నాను. ఆ అమ్మాయి రోజూ మూడో వరసలోనే కూర్చుంటుంది. నేనేం చెప్పినా అర్థమైందంటుంది. మళ్లీ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.