అత్తమ్మ చిలకకు మిషన్ రెక్క

మా అత్తమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎడమ చెయ్యే గదా, ఇంక నయం." నేనూ అదే అన్నాను. ఆమె సిమెంటు కట్టు వేసిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అప్పటికి ఆమె పని ఒకటి సగంలో ఉంది. నా ఆడబిడ్డ తొలి కాన్పుకు కాజీపేట నుంచి మా ఇంటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలలో పరచడానికి అత్తమ్మ మ్యాటీ గుడ్డ మీద చిలకల జంట కుడుతోంది. గళ్ల గుడ్డ మీద గడికొక ఇంటూ గుర్తు వేసుకుంటూ పోయే పాత కుట్టు అది. ఒక చిలక పూర్తయింది. రెండోదానికి కన్ను తప్ప తల, మెడ వచ్చాయి, మిగతాదంతా ఖాళీ. తన కొడుకునూ కూతురినీ తాను కుట్టిన గుడ్డల మీదే పడుకోబెట్టిన మనిషి. మనవరాలో మనవడో బజారు గుడ్డ మీద పడుకుంటే ఆమెకు ముద్ద దిగదు.

కుడి చెయ్యి బాగానే ఉంది కదా, మెల్లగా కుట్టుకోవచ్చుగా అని లోపల విసుక్కున్నాను. ఆమె ఎప్పుడూ మధ్యాహ్నం పూట గది తలుపు దగ్గరకేసుకుని కుట్టేది. ఎవరైనా చూస్తే చెయ్యి ఆడదనేది.

నాకు హన్మకొండలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం ఉంది. జాకెట్ చేతులకు నెమళ్లు, ఏనుగులు కుట్టి ఇస్తాను. అత్తమ్మ దాన్ని ఏనాడూ పనిగా లెక్కపెట్టలేదు. "మిషిన్ కుడ్తది, నువ్వు సూస్తవ్" అనేది. అలాంటి మనిషి ఒకరోజు ఆ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఖరాబు చెయ్యకు బిడ్డా. ఇసుంటిది మల్ల కుట్టుడు నాతోని కాదు" అన్నది.

మిషన్ సూది పొరపాటున పొడిస్తే మ్యాటీ పోగులు తెగుతాయి, మళ్లీ అతకవు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ కుట్టు నింపడం చూడటానికి సులువే. రెక్క ఆకారం గీసి, నింపే రకాల్లో క్రాస్ స్టిచ్ ఎంచుకుంటే అదే గళ్లు వేసుకుని నింపేస్తుంది. తిరకాసంతా ఆ గళ్ల దగ్గరే. కంప్యూటర్ గడి, గుడ్డ గడి ఒక్కటి కాకపోతే నాలుగు వరసలు పోయేసరికి కుట్టు పక్క గడిలో దిగుతుంది. స్కేలు పెట్టి కొలిచి గడి సైజు సరిచేశాను. ఫ్రేములో బిగిస్తే గుడ్డ సాగుతుందని, ఫ్రేముకు బంక కాగితం బిగించి దాని మీద అతికించాలనుకున్నాను. ముందు అదే గుడ్డలో మిగిలిన పీలిక మీద అలా కుట్టి చూశాను. గళ్లలో అచ్చంగా కూర్చుంది.

అయినా అత్తమ్మ చిలక పక్కన పెడితే పొసగలేదు. రంగు అదే, కొలత అదే, మెరుపు వేరు. దారం మార్చాను, బిగువు తగ్గించాను, కంప్యూటర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. చివరకు భూతద్దం పెడితే తెలిసింది. ప్రతి ఇంటూలో రెండు గీతలుంటాయి కదా, నా పైగీత కుడికి వాలింది. ఆమెది ఎడమకు వాలింది. గుడ్డ మొత్తంలో ఒక్కటి కూడా తప్పలేదు.

ఇంటికి వెళ్లి అడిగాను. "అత్తమ్మా, మీరు ఏ చేతితోని కుడ్తరు?"

ఆమె కట్టు ఉన్న చెయ్యి చూపించింది. "దీంతోనే. చిన్నప్పుడు ఎడమ చేత్తోని అన్నం తింటే మా నాయన వాత పెట్టిండు. తినుడు, రాసుడు మార్చుకున్న. సూది మాత్రం కుడి చేతికి రాలే."

మేమంతా నయం, నయం అని ఓదార్చింది దేనికో అప్పుడు తెలిసింది. ఆమె మీద జాలి, నా మీద కోపం ఒకేసారి వచ్చాయి.

సంగతి తెలిశాక దారి దొరికింది. కుట్లు ఎడమకు వాలాలంటే బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పాలి. కానీ అప్పుడు చిలక కూడా అటు తిరిగి కూర్చుంటుంది. అందుకని ముందు రెక్కను తిరగేసి గీశాను. నింపాక, సాఫ్ట్‌వేర్ మళ్లీ తన తెలివి చూపించి గీతలను కుడికి వాల్చకుండా దాన్ని విడి కుట్లుగా మార్చేసి, అప్పుడు మొత్తాన్ని తిప్పాను. రెక్క సరైన వైపుకు వచ్చింది, గీతలు ఎడమకే వాలాయి. తోకకూ పొట్టకూ అలాగే చేశాను.

అసలు గుడ్డ మీద మిషన్ నడుస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని కనిపించిన దేవుడికల్లా మొక్కాను. పోలేదు. కాగితం ఊడదీసి చూస్తే రెక్క మెడలో కలిసిపోయి ఉంది. కుర్చీలో కూలబడి, ఎప్పుడో చల్లారిన చాయ్ ఒక్క గుటకలో తాగేశాను. అంత రుచిగా చాయ్ ఎప్పుడూ లేదు.

అత్తమ్మ గుడ్డను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది, వెనక వైపు కూడా చూసింది. "కన్ను కుట్టలే?" అన్నది.

"అది మీ కోసం ఉంచిన."

ఉయ్యాల వేసిన రోజు మనవరాలి కింద ఆ గుడ్డను రెండో చిలకకు కన్ను లేకుండానే పరిచాం. కట్టు విప్పాక కొన్నాళ్లకు, బిడ్డను చూడవచ్చిన ఆడవాళ్లు ఇంటినిండా ఉండగా, అత్తమ్మ ముందు గదిలో మంచం మీద ఆ చిలకల గుడ్డ ఒళ్లో వేసుకుని కూర్చుని ఎడమ చేత్తో సూది అందుకుంది. ఒకావిడ ఆ చేతిని చూసి ఏదో అనబోయింది.

"నాకు దీంతోనే వస్తది" అని తలెత్తకుండానే చెప్పి, అత్తమ్మ నల్లదారం పైకి లాగింది.