ఉలి అంచున తెల్లగీత

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి పేరు నేను అడగలేదు. సెల్‌ఫోనులో ఉలుల ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటూ ఉంది.

"ఇవేం ఫొటోలు పాపా?" అన్నాను.

"మా నాయన పనిముట్లు పిన్నమ్మా. ఆయన పోయినాక వడ్రంగి అంగడి మూసేద్దామంటాడు మాయన్న. నేను నడుపుతానంటే, ఉలి నూరేది కూడా రాదని నగుతాండాడు. అన్నీ నూరి ఫొటోలు తీసినా. ఇప్పుడు మాయన్నకు పంపిస్తా."

"ఫొటోలో పదును తెలుస్తాదా?"

"బల్బు కింద తెలీదు, అన్నీ తళతళమంటాయి. వాకిట్లో ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీయల్ల. మొద్దుగా ఉంటే అంచున తెల్లగీత కనబడతాది. పదునైతే ఏమీ కనబడదు. నువ్వూ చూడు."

ఫోను నా చేతికిచ్చింది. ఒక్కొక్కటే చూస్తూ చిన్న ఉలి దగ్గర ఆగాను.

"దీనికి గీత ఉండాది పాపా."

ఆ అమ్మాయి చాలాసేపు చూసి, ఆ ఫొటో తీసేసి లేచింది. "కండక్టరన్నా, ఆపన్నా!"

"ఈడ్నే దిగుతావా? పొయ్యి ఆర్పలేదా ఏమమ్మా?"

"ఉలి నూరల్లన్నా. వాకిట్లో ఎండ ఉండంగానే చేరల్ల."

దిగి, రోడ్డు దాటి, నందికొట్కూరు బస్సు కోసం నిలబడింది.

ఇప్పుడు కత్తిపీట నూరిన ప్రతిసారీ వాకిట్లోకి తెచ్చి చూస్తాను. గీత కనబడితే మళ్లీ రాయి పట్టుకుంటాను.