ముందు చప్పుడు చేసి చూపించండి

మా మామయ్య మీ కారు మీద చెయ్యి వేయాలంటే ముందు మీరు కూయాలి. బండిలో ఏ చప్పుడు వస్తోందో అది మీ నోటితో చేసి చూపించేదాకా ఆయన స్పానర్ ముట్టుకోడు. "ఏదో శబ్దం వస్తోందండీ" అంటే కుదరదు. "ఏదో అంటే? చేసి చూపించండి" అంటాడు, చేతులు కట్టుకుని, కచేరీకి వచ్చి ముందు వరసలో కూర్చున్నవాడిలా.

కొత్త కార్లవాళ్లు మా షెడ్డు మొహం చూడరు. మాకు వచ్చేవన్నీ మూలిగే ముసలి బండ్లే. ఒక ప్లీడరు గారు నల్లకోటుతో నిలబడి "గుర్ర్‌ర్... టప్" అన్నారు. మామయ్య కళ్లు మూసుకుని విని, "గుర్ర్ బాగుంది. టప్ దగ్గర తొందరపడ్డారు. ఇంకోసారి" అన్నాడు. ఒక బ్యాంకు మేనేజరు సిగ్గుపడి, కార్లో కూర్చుని అద్దాలు ఎత్తేసుకుని మరీ కూశాడు. మామయ్య అద్దానికి చెవి ఆనించి విన్నాడు. ఇంకొకాయన "కొర్ర్" అనగానే భార్య అడ్డుపడింది. "అది మీ గురక. బండిది కట కట కట!" ఆవిడదే రైటని మామయ్య తీర్పు చెప్పాడు. ఆ భర్త ఇప్పటికీ మా షెడ్డు ముందు తల తిప్పుకుని వెళతాడు.

నేను అదే షెడ్డులో గేర్‌బాక్సులు విప్పుతాను. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు అలా నిలబడి కూస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చేది. మామయ్య కూడా నాలాగే లోకం మీద కడుపుమంట తీర్చుకుంటున్నాడనుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి కారు వచ్చింది. ఆవిడ పేరు చెబితే ఊళ్లో సగం మందికి ఇప్పటికీ అరచేతులు మండుతాయి. బండికి ముప్పై ఏళ్లు. డ్రైవరు పాతికేళ్లుగా ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆ రోజు ఆయన తలుపు తీసి, తల దించుకుని పక్కన నిలబడ్డాడు.

"క్లచ్ చూడండి" అందావిడ. "ఇతనికి వయసైపోయింది. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నాడు. బండి కదిలితే చాలు, ఢంగుమంటోంది. సోమవారం నుంచి కొత్తవాణ్ణి పెడుతున్నాను."

"అది కాదమ్మా, రెండు నెలల్నుంచి చెబుతున్నా, చప్పుడు కింద..."

"నువ్వు మాట్లాడకు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చేసి చూపించండమ్మా" అన్నాడు మామయ్య.

"ఏం చేసి?"

"చప్పుడు."

నేను స్పానర్ కింద పెట్టేశాను. ఇలాంటిది రోజూ దొరకదు.

"ఢంగ్" అందావిడ, హాజరు పిలిచినట్టు.

"పాఠం అప్పజెప్పినట్టుందమ్మా. వెనక సీట్లో కూర్చోండి. బండి కదులుతోందనుకోండి. ఊఁ."

ఆవిడ మామయ్యను పైకీ కిందికీ చూసింది. అయినా కూర్చుంది. కళ్లు మూసుకుంది.

"ఢంగ్. కిచ్... కిచ్... కిచ్ కిచ్... కిచ్‌కిచ్‌కిచ్‌కిచ్..." ఒళ్లో చేతిసంచి కూడా ఎగురుతోంది. "ఢంగ్!"

"ఆగండాగండి. ఈ కిచ్‌కిచ్ ఏమిటి? ఇందాక చెప్పలేదే?"

"అది మామూలేగా. బండి జోరందుకుంటే అదీ జోరందుకుంటుంది."

"ఎక్కణ్ణుంచి?"

"నా కాళ్ల కిందనుంచి."

"అప్పుడు డ్రైవరు అన్నయ్య కాలు క్లచ్ మీద ఉంటుందా?"

"లేదు. రెండు నెలలుగా అతని కాళ్లే చూస్తున్నాను. శుభ్రంగా పక్కన పెట్టుకుంటాడు."

"మరి ఆ చివరి ఢంగ్?"

"యాక్సిలరేటర్ వదిలినప్పుడు. అప్పుడు కూడా క్లచ్..." ఆవిడ ఆగింది. "తొక్కడు."

మామయ్య బండిని రిపేరు గుంత మీదికి తెప్పించి, కిందికి దిగి, ఇంజను నుంచి వెనక చక్రాలదాకా వెళ్లే పొడవాటి షాఫ్టును చేత్తో పట్టుకుని ఊపాడు. ఢంగ్. దాని వెనక కీలులో ఉండే క్రాసు గ్రీజు లేక ఎండిపోయింది. చుట్టూ ఇటుకపొడిలా తుప్పు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, మెట్లు దిగి గుంతలోకి వచ్చి, షాఫ్టును తనే ఒకటికి నాలుగుసార్లు ఊపింది.

"క్లచ్‌లో ఏ దోషమూ లేదు" అని ప్రకటించింది. "డ్రైవింగ్‌లోనూ లేదు."

"మీరే పట్టుకున్నారమ్మా" అన్నాడు మామయ్య.

"పట్టుకోకేం?" అని ఆవిడ పైకి చూసింది. "ఏమయ్యా, ఆ కొత్తవాడికి రావద్దని చెప్పు."

డ్రైవరు "అలాగేనమ్మా" అని, ముందు టైరులో గాలి ఉందో లేదో చాలాసేపు పరీక్షించాడు.

సాయంత్రానికి కొత్త క్రాసు వేశాం. ఆవిడ షెడ్డులోంచి వెళుతూ నా గేర్‌బాక్సు దగ్గర ఆగి, "ఇది ఏం చప్పుడు చేసేది?" అని అడిగింది. చెప్పేదాకా కదల్లేదు. నేను చేసి చూపించాల్సి వచ్చింది.

ఆవిడ కారెక్కుతుంటే మామయ్యను అడిగాను. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"బండి గేటులోకి తిరిగినప్పుడే."

"మరి ముందే చెప్పొచ్చుగా? పెద్దావిడ చేత ఆ కూతలెందుకు?"

"నేను చెబితే, డ్రైవర్లూ మెకానిక్కులూ అంతా ఒకటే అనేదిరా. ఇప్పుడు ఆ జబ్బు ఆవిడే కనిపెట్టింది. ఇంక ఆవిణ్ణి కాదనేవాడెవడు?"

నేను స్పానర్ తుడిచి పెట్టెలో పెట్టాను.

కారు చప్పుడు లేకుండా గేటు దాటింది. హెడ్‌మిస్ట్రెస్ గారు వెనక సీట్లోంచి ముందుకు వంగి, రెండు చేతులూ తిప్పుతూ డ్రైవరుకు క్రాసు గురించి వివరిస్తోంది. ఆయన జీవితంలో మొదటిసారి వింటున్నట్టు తల ఊపుతున్నాడు.