సుద్దముక్క గుర్తులు

2011లో ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక కార్గో షెడ్డులో నేను సూపర్‌వైజర్ని. మాది పక్కనే తొండుపల్లి. ఢిల్లీ పెట్టెకు నిలువు గీత, ముంబైకి మూడు చుక్కలు, దుబాయ్‌కి సున్నా. హమాలీలకు ఈ గుర్తులు నేర్పింది నేనే. చదువు రానివాళ్ళు కూడా పెట్టెను తప్పు చోట వేసేవాళ్ళు కాదు. నా చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఇన్‌చార్జి పోస్టు ఇక నాదే అనుకున్నా.

అంతలో పెట్టె మీది చీటీ చదివి తెర మీద ఊరి పేరు చూపే స్కానర్లొచ్చాయి. వాటి వెనకే, మార్పు నేర్పడానికని విజయవాడ నుంచి ఒకమ్మాయి వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది. ఈ స్కానర్లను ఎవరు నడిపిస్తే వాళ్ళే ఇన్‌చార్జి అన్నాడు మేనేజరు. నాకు కడుపు మండిపోయింది.

మొదటి రోజే ఆమె నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఇక్కడ పని ఎలా జరుగుతుందో కాస్త చెబుతారా?"

"నాకు పనుంది మేడం," అన్నా.

మేనేజరు మా ఇద్దరికీ చెరో వారం ఇచ్చాడు. తొలివారం నా వంతు. "రేపటి సంది సుద్ద బంద్! ఇగ స్కానరే!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచా. మర్నాడు స్కానర్లు మూలన పడున్నాయి, పెట్టెల మీద మళ్ళీ నా గుర్తులే. నిజం చెప్పొద్దూ, లోలోపల సంబరపడ్డా.

తర్వాతి వారం ఆమెది. ముందు మమ్మల్ని, సూపర్‌వైజర్లను, కూర్చోబెట్టింది. కొత్తది మీద పడితే మెదడు దాన్ని ప్రమాదం అనుకుంటుందట. ఆలోచన వెనక్కి పోయి పాత అలవాటు ముందుకొస్తుందట. అరిస్తే ఇంకా బిగుసుకుంటుంది, అడిగి వాళ్ళ మాటకు విలువిస్తే భయం తగ్గుతుందట. దీనికి మెదడు దాకా ఎందుకు? మా అమ్మ బర్రెను కొత్త కొట్టంలోకి తోలేటప్పుడు కొట్టేది కాదు, పాత కొట్టంలోని గడ్డి కాస్త లోపల వేసేది. అది చూసి పెరిగినవాణ్ణే, నేను మాత్రం అరిచా.

ఆమె హమాలీల్లో పెద్దాయన్ను అడిగింది, "దేనికి భయం బాబాయ్?"

"అక్షరాలు రావు బిడ్డా. గీ డబ్బా ఏం చెప్తదో నాకెట్ల ఎరుక? అన్న గుర్తులైతే ఎరుక."

రెండ్రోజుల్లో స్కానర్ తెర మీద ఊరి పేరు పక్కన గీత, చుక్కలు, సున్నా కనిపించేలా చేయించింది. ఇక చూడాలి! హమాలీలు స్కానర్‌కు చిలుక అని పేరు కూడా పెట్టారు. "అక్కా, చిలుక పలుకుత లేదు," అంటూ ఆమె చుట్టూ తిరిగేవాళ్ళు. నన్ను 'అన్నా' అని పిలిచే గొంతులు తగ్గాయి. నా గుర్తులతోనే నా కుర్చీ ఎక్కుతోందని కుళ్ళుకున్నా. మేనేజరు అన్నట్టే ఇన్‌చార్జి ఆమే అయింది.

ఆ రోజు ఉండబట్టలేక అడిగా. "పెద్దాయన భయం ఎట్ల పట్టిన్రు మేడం?"

"ఆయన భయం తర్వాత తెలిసింది అన్నయ్యగారూ. మార్పు వస్తే ఎవరి నేర్పు పనికిరాకుండా పోతుందో వాళ్ళకే అందరికంటే ఎక్కువ భయం. అందుకే మొదటి రోజు మీ దగ్గరికే వచ్చాను."

ఆమె మీద కుళ్ళు అప్పుడూ పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ మొదటి రోజు నాకు పనేమీ లేదు. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఊరికే నిలబడి ఉన్నా.