సాక పోసిన నీళ్ళు

బోనాల నెల. ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర నా పక్కన ఆగిన ఆటోకి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆ పచ్చి చేదు వాసనకి నాంపల్లిలో మా కిరాయి గది గుర్తొచ్చింది.

తమ్ముడికి పుట్టిన కొన్నాళ్ళకే కిడ్నీ జబ్బు వచ్చింది. రోజూ గోలీలు మింగేవాడు. ఒక ఎండాకాలం వాడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందని నానమ్మ వాణ్ణి వేపాకుల మీద పడుకోబెట్టి, గోలీలు బంద్ చేయించింది.

"డాక్టరు ఆపొద్దన్నడు అత్తమ్మా," అంది అమ్మ.

"తల్లి ఇంట్ల ఉండంగ మందులేందే? కోపమైతది."

దేవత నన్ను కాదని వాడి దగ్గరకే వచ్చిందని నాకు కుళ్ళుగా ఉండేది.

జ్వరం పెరిగి, వాడు ఎవరినీ గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టాడు. "దూపైతుంది, దూపైతుంది," అంటూ ఎండిన పెదాలు నాక్కున్నాడు.

"తల్లి పలుకుతుంది!" అంది నానమ్మ. చెంబెడు పసుపునీళ్ళలో వేపాకు వేసి, గడప ముందు నేల మీద అమ్మవారికి సాక పోసి, "సల్లగుండు తల్లీ," అని దండం పెట్టింది. నేనూ తమ్ముడి కాళ్ళకు మొక్కాను.

దవాఖానకు తీసుకుపోయేసరికే మెదడు వాచిపోయిందని చెప్పారు. వాడు ఇంటికి రాలేదు.

ఆ రోజు సాక పోసిన నీళ్ళన్నీ గడప ముందు బండల మీద పారిపోయాయి. ఆ దాహం తమ్ముడిది.